అలక, నిదానం

మార్చి 4

వదిన ఇవాళ అటక మీంచి పెట్టెలు దింపింది. దింపి, దుమ్ము దులిపి, హాల్లో నాకు కనపడేలా వరసగా పెట్టింది. నోటితో చెప్పడం ఇష్టంలేని మాటలు వదిన ఇలా సామాన్లతో చెబుతుంది. ఏప్రిల్ నెలాఖరుకి అన్నయ్యా తనూ వెళ్ళిపోతారు. సముద్రమంటే ఏమిటో తెలియని ఒక ఊళ్ళో వదిన తమ్ముడికి రంగుల దుకాణం ఉంది. గోడలకు వేసే రంగులు. అన్నయ్య అక్కడ కౌంటర్లో కూర్చుంటాడట.

తడి బట్టలతో ఆ పెట్టెల మధ్య నుంచే దాటుకుంటూ వెళ్ళి, "ఇవెందుకు దింపావు వదినా?" అని అడిగాను. తెలిసే అడిగాను.

"చెదలు పట్టాయేమో చూద్దామని."

"పట్టాయా?"

"పెట్టెలకైతే పట్టలేదు."

వదినతో మాటల్లో గెలిచిన మనిషి ఇంకా పుట్టలేదు.

అన్నయ్య వెనక గదిలో కంప్రెసరు దగ్గర ఉన్నాడు. రేపు నాతో నీళ్ళలో దిగేవాళ్ళకి ట్యాంకుల్లో గాలి నింపుతున్నాడు. నన్ను చూసి తల ఊపి, మళ్ళీ మీటరు ముల్లు వైపు తిరిగాడు. కింద ఎలా ఉందని అడగలేదు. ఆ ప్రమాదం జరిగిన నాటి నుంచి అడగడు. అడగడు కాబట్టి నేనూ చెప్పను. పుండు మీద కారం చల్లడమెందుకు?

వెళ్ళనివ్వను. ఎలాగో తెలియదు. వెళ్ళనివ్వను.

మార్చి 5

నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. నా సొర నిదానం కనిపించింది. ఒడ్డుకొచ్చి భోజనం చేశాక కూడా నేనింకా కిందే ఉన్నట్టుంది. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కొంచెం ఊగుతోంది.

మార్చి 9

లెక్కల మేడం ఫోన్ చేసింది. ఆవిడ చేసేది సొరచేపల లెక్క, వాటి మీద పరిశోధన. ఏడాదికోసారి వచ్చి మా అందరికీ పాఠం చెప్పి వెళుతుంది. మిగతా కాలమంతా ఆవిడ కళ్ళు మేమే, అంటే సరదాకి నీళ్ళలో దిగేవాళ్ళమూ, వాళ్ళని దించే నాలాంటి గైడులమూ. ఎక్కడ ఏ సొర కనపడినా ఫోటో తీసి పంపాలి. ఏదీ కనపడకపోతే కనపడలేదని రాసి పంపాలి. మొదట్లో అది నాకు నవ్వులాటగా ఉండేది, లేనిదానికి కూడా లెక్కేమిటని. "ఉన్నప్పుడు మాత్రమే రాస్తే ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుందమ్మా" అని ఆవిడే నాకు నచ్చజెప్పింది.

నీళ్ళ కింద మా రాతిదిబ్బకి వచ్చేవి చుక్కల సొరలు. నోటి నిండా పళ్ళు, మనసు వెన్న. ఒంటి మీద చుక్కలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, మన వేలిముద్రల్లాగే. కుడి పక్క ఒక తీరు, ఎడమ పక్క ఇంకో తీరు. అందుకని మేడం దగ్గర కుడి పక్కల ఫోటోలన్నీ ఒక వరస, ఎడమ పక్కల ఫోటోలన్నీ ఇంకో వరస.

అలక అన్నయ్య సొర. మొదట చూసిందీ, పేరు పెట్టిందీ వాడే. ఎడమ పక్క మొప్పల వెనక మూడు చుక్కలు, వాటి కింద కొరికిన బిస్కెట్టులాంటి మచ్చ. మనిషి దగ్గరికొస్తే మొహం తిప్పుకుని పోతుందట. "అచ్చం మా చెల్లెలే" అని ఆ పేరు పెట్టాడు. ప్రమాదం తర్వాత దాన్ని చూసినవాళ్ళు లేరు.

ఈ ఏప్రిల్ అయ్యేలోగా కూడా కనపడకపోతే అలకని పోయినవాటిలో వేస్తానంది మేడం. ఫోన్ స్పీకరు మీద ఉంది. అన్నయ్య పక్కనే ఉన్నాడు. లేచి, కర్ర పట్టుకుని వెళ్ళి కంప్రెసరు ఆన్ చేశాడు. ట్యాంకులన్నీ నిండే ఉన్నాయి. ఉత్తినే, చప్పుడు కోసం ఆన్ చేశాడు.

నాకప్పుడు అర్థమైంది. అలక పోయిందనే వాడు పోతున్నాడు. అది బతికే ఉందని తేలితే వెళ్ళడు.

మార్చి 10

కలలో ఇంట్లో నీళ్ళున్నాయి. ఎవరూ కంగారు పడటం లేదు. వదిన వంటింట్లో నీళ్ళలోనే కూర తరుగుతోంది, ముక్కలు పైకి తేలిపోతుంటే ఒక్కొక్కటీ పట్టుకొచ్చి గిన్నెలో వేస్తోంది. అన్నయ్య వరండా లోంచి హాల్లోకి ఈదుకుంటూ వచ్చాడు. చేతిలో కర్ర లేదు. పెట్టెల మీదుగా, వాటిని తాకకుండా, ఎంత మెత్తగా వచ్చాడో. నన్ను చూసి ఏదో అన్నాడు. మాట బుడగలుగా మారి సీలింగుకి అంటుకుంది.

లేచాక చాలాసేపు సీలింగు వైపే చూశాను.

మార్చి 16

వారమంతా వెతికాను. దిబ్బకి దక్షిణం వైపు, మునిగిపోయిన పాత పడవ దగ్గర, ఎప్పుడూ ఎవరినీ తీసుకెళ్ళని ఇసుక మేటల దగ్గర. వచ్చిన డైవర్లందరినీ సొరలకేసి తోలాను. "ఎడమ పక్క తీయండి, ఎడమ పక్క" అని అడుక్కున్నాను. తాబేళ్ళు తీశారు, ఒకళ్ళనొకళ్ళు తీసుకున్నారు, ఒకావిడ నా కాళ్ళు తీసింది.

నిన్న మునిగిన పడవ వెనక ఒక తోక చూశాను. మసగ్గా ఉంది, అయినా నాకు తెలిసిపోయింది. అదే వంపు. ఫోటో పంపాను.

మేడం వెంటనే జవాబిచ్చింది. "అమ్మా, అది తోక కాదు. నీడ."

మార్చి 17

నీడ కాదు.

మార్చి 18

నీడే.

మార్చి 21

రాతిదిబ్బ లోపల ఒక గది ఉంది. కప్పు కూడా ఉంది, మధ్యలో కాస్త తెరుచుకుని వెలుతురు దిగుతుంది. సముద్రం వైపున్న చీలిక లోంచి నీళ్ళు ఎప్పుడూ లోపలికే వస్తుంటాయి. సొర ఆ చీలిక వైపు మొహం పెట్టి, ఫ్యాను ఎదురుగా చేరిన ముసలమ్మలాగా, కదలకుండా గాల్లో నిలబడి ఉంటుంది. గాల్లో అని రాశాను. నీళ్ళలో. అక్కడ ఆ రెండూ ఒకటే అనిపిస్తుంది.

గదికి అటూ ఇటూ రెండు వాకిళ్ళు. ఒక వాకిట్లో మనుషులుంటే రెండోది ఖాళీగా వదలాలి. సొర భయపడితే పోవడానికి దారి ఉండాలి కదా. ఇది గైడులందరి నియమం. అన్నయ్య ఎప్పుడూ పడమటి వాకిలి నుంచి తీసుకెళ్ళేవాడు. నేను తూర్పు వాకిలి నుంచి తీసుకెళతాను. పడమటి వైపు లోతెక్కువ, నీళ్ళ ఈడ్పు ఎక్కువ. అందుకే. వేరే కారణమేమీ లేదు.

సరే, ఉంది. అన్నయ్యకి ప్రమాదం జరిగింది ఆ పడమటి వాకిట్లోనే. అప్పటి నుంచి ఏ గైడూ అటు పోడు. కొత్తగా వచ్చిన డైవరొకడు బెదిరిపోయి పైకి ఎగబాకాడు. వాణ్ణి ఆపబోయి అన్నయ్య కూడా వెంట లేచాడు. అంత లోతు నుంచి అంత జోరుగా పైకొస్తే రక్తంలో బుడగలు కడతాయి. ఆ వచ్చినవాడికి దగ్గు కూడా రాలేదు. అన్నయ్యకి ఎడమ కాలు మొద్దుబారిపోయింది, ఇక నీళ్ళ కిందికి దిగనే కూడదన్నారు.

తూర్పు వాకిట్లో నాకు నిదానం దొరికింది. నాకు నేనుగా దొరికించుకున్న సొర అదొక్కటే. కుడి పక్క పొట్ట మీద ఐదు చుక్కలు, చెయ్యి చాపినట్టు. మనుషులొస్తే పారిపోదు. కన్ను ఒక్కటి తిప్పి చూసి, మళ్ళీ తన పనిలో తానుంటుంది. తన పని ఏమీ లేదు, ఉండటమే. దాని ముందు మోకాళ్ళ మీద వాలి కూర్చుంటే నాకు ఒళ్ళు తెలియదు. ఇంట్లో పెట్టెలున్నాయని కూడా గుర్తుండదు.

మేడం ఎన్నిసార్లో అడిగింది, నిదానం ఎడమ పక్క కూడా తియ్యమని. గోడ వైపు దూరి దాన్ని చుట్టేస్తే బెదురుతుందని చెబుతుంటాను. నియమం నియమమే.

మార్చి 26

బట్టలు ఆరేస్తూ వదిన అంది: "ఆయన అలకో, కులుకో, దాని కోసం పోతున్నాడనుకుంటున్నావా నువ్వు?"

"మరి?"

"నీ కోసమే పోతున్నాడు."

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు తల్లీ. అదే." నా డైవింగు సూటు పిండి నా చేతికే ఇచ్చింది. "ఇది ఎంత ఉతికినా ఉప్పే. నాకు ఒక్కసారి ఉప్పు తగలని చీర కట్టుకోవాలనుంది."

వదినది ఎప్పుడూ ఇంతే. చిక్కుముడి వేసి చేతికిచ్చి వెళ్ళిపోతుంది.

మార్చి 30

పెద్ద పెట్టె నిండింది. అందులో అన్నయ్య మాస్కు పెట్టలేదు. అది ఇంకా మేకుకే వేలాడుతోంది. చూసి సంతోషించాను. తర్వాత, అది తీసుకెళ్ళడం లేదని అర్థమైంది.

ఏప్రిల్ 2

ఇవాళ పళ్ళ డాక్టరు వచ్చాడు. ఏటా వస్తాడు, పెద్ద కెమెరా తెస్తాడు, సొర పళ్ళు చూసి పరవశించిపోతాడు. "ఒకటి రాలితే వెనక నుంచి ఇంకోటి వచ్చేస్తుందమ్మా! ఇలాంటి పేషెంట్లయితే మేం అడుక్కు తినాలి" అన్నాడు. పడవ నడిపే సరంగు పడీ పడీ నవ్వాడు. ఏటా అదే జోకు, ఏటా అదే నవ్వు.

దిగాం. తూర్పు వాకిట్లో నేను మోకాళ్ళ మీద వాలాను. నిదానం ఉంది. కప్పు లోంచి వెలుతురు దాని వీపు మీద పడి మెల్లగా పాకుతోంది. ఎంతసేపు చూశానో. వెనక్కి తిరిగితే డాక్టరు లేడు.

నాలుగు దిక్కులా చూశాను. అప్పుడు గదికి అవతల, పడమటి వాకిట్లో, తెల్లటి ఫ్లాష్ మెరిసింది. ఈడ్పుకి కొట్టుకుపోయి దిబ్బ చుట్టూ తిరిగి అటు తేలాడు. రెండు వాకిళ్ళూ మూసేశాం! సొర బెదిరి ఎటు దూకుతుందోనని ఊపిరి బిగబట్టాను. నీళ్ళలో ఊపిరి బిగబట్టకూడదని అందరికీ పాఠాలు చెప్పే నేను. నిదానం కదల్లేదు. ఒక్క కన్ను తిప్పి నన్ను చూసింది. రెండో కంటితో వాణ్ణి చూసే ఉంటుంది.

పడవెక్కాక డాక్టర్ని దులిపేశాను. పాపం, తడి కోడిపిల్లలా కూర్చుని, "నేనేం చెయ్యనమ్మా, నీళ్ళు లాక్కెళ్ళాయి. కానీ ఫోటోలు బాగా వచ్చాయి, చూడండి" అని కెమెరా ఇచ్చాడు.

మొప్పల వెనక మూడు చుక్కలు. కింద కొరికిన బిస్కెట్టు.

ఏప్రిల్ 2, మళ్ళీ

అలక ఉంది.

అలక ఉంది. అలక ఉంది.

ఏప్రిల్ 3

మేడంకి పంపాను. ఆవిడ కూడా ఎగిరి గంతేసింది. తర్వాత ఆగి, "ఆ సమయంలో నువ్వు ఎక్కడున్నావు?" అంది.

"తూర్పు వాకిట్లో. నిదానం దగ్గర."

"రెండూ ఒకే ఫోటోలో పడ్డాయా?"

"లేదు."

"నీకు రెండు సొరలు కనపడ్డాయా?"

లైను సరిగ్గా లేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది.

ఏప్రిల్ 4

గది పెద్దదే. రెండు సొరలు పక్కపక్కన నిలబడొచ్చు. ఇవతల నిదానం ఉంటే దాని చాటున అలక నాకు కనపడదు. అవతలి నుంచి అలక కనపడుతుంది, నిదానం కనపడదు. ఇందులో విడ్డూరం ఏముంది?

అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. ఖాయం చేసుకుని చెబుతాను.

ఏప్రిల్ 5

గది అంత పెద్దదేమీ కాదు.

ఏప్రిల్ 7

గాలి. పడవలు బయల్దేరలేదు. వదిన రెండో పెట్టెకి తాడు కట్టింది. నన్ను ఒక కొస పట్టుకోమంది, పట్టుకున్నాను. నా చేత్తోనే.

నిదానం ఒక్కటీ నాది. అన్నయ్య చూపించని సొర, అన్నయ్య పేరు పెట్టని సొర. ఆ రెండూ ఒకటేనని తేలితే పాత పేరే ఉంటుంది, అది మేడం పద్ధతి. నిదానం అనేది ఎప్పుడూ లేనట్టే. ఇంత వయసొచ్చాక ఒక చేప పేరు కోసం ఏడుస్తున్నానని ఎవరికైనా చెబితే ముక్కున వేలేసుకుంటారు. ఎవరికీ చెప్పను. ఏడుస్తున్నాను.

ఏప్రిల్ 11

వెళ్ళాను. పడమటి వాకిలి నుంచి.

ఎవరినీ తీసుకెళ్ళలేదు. జతకి సరంగు తమ్ముడు వచ్చాడు, ఆయన కూడా డైవరే, మాట తక్కువ మనిషి. అటు తిప్పమంటే సరంగు ఏమీ అడగకుండా తిప్పాడు. లంగరు వేశాక మాత్రం అన్నాడు: "నెమ్మదిగా రామ్మా పైకి. నీకేం తొందర లేదు. నేను ఇక్కడే ఉంటా."

తాడు పట్టుకుని దిగాను. పైన నీలం, కింద ఇంకా నీలం. కొంత దూరం పోయాక పైనా కిందా అనేవి ఉండవు, నీలమే ఉంటుంది. నా ఊపిరి చప్పుడు ఎవరో పక్కన నిద్రపోతున్నట్టు వినిపించింది. గోడ నెమ్మదిగా దగ్గరికొచ్చింది. ఇదే గోడని అన్నయ్య ఎన్నిసార్లు చేత్తో తడుముకుంటూ వెళ్ళాడో. ఈడ్పు ఎక్కువేనని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అబద్ధమేమీ కాదు. కానీ నేను అనుకున్నంత లేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టుగా ఉంది.

భయం వేస్తుందనుకున్నాను. వాకిలి దగ్గర అన్నయ్య పైకి ఎగిరిపోతున్నట్టు, బుడగలు, కేకలు, అవన్నీ అక్కడే ఉంటాయనుకున్నాను. అక్కడ చిన్న చిన్న పసుపు చేపలు గుంపుగా ఉన్నాయి. నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చాయి.

లోపల అది నిలబడి ఉంది. మూడు చుక్కలు, కొరికిన బిస్కెట్టు. నేను కదల్లేదు. అది కూడా కదల్లేదు. చాలాసేపటికి కాస్త ఒంగి, చీలిక వైపు నుంచి తిరిగి, ఆ వాకిలి ముందు నుంచి ఈ వాకిలి ముందుకి ఒక్క చుట్టు తిరిగింది. అంత పెద్ద ఒళ్ళు, నీళ్ళలో మడత పడకుండా తిరిగింది. మూడు చుక్కలు వెళ్ళాయి. తల వచ్చింది. తర్వాత కుడి పక్క పొట్ట మీద, చెయ్యి చాపినట్టు, ఐదు చుక్కలు.

గదిలో ఇంకెవరూ లేరు.

అలక ఎక్కడికీ పోలేదు. ప్రతిరోజూ నా ఎదురుగా ఉంది. ఇటు వైపు రాకుండా పోయింది నేను.

మాస్కులో నీళ్ళు నిండాయి. అవి సముద్రం నీళ్ళు కావు. అయినా పద్ధతి ప్రకారమే ముక్కుతో ఊది ఖాళీ చేశాను. నెమ్మదిగా పైకొచ్చాను, సరంగు చెప్పినట్టే.

ఏప్రిల్ 12

కంప్రెసరు ఆపేదాకా గుమ్మంలో నిలబడ్డాను. ఆపాడు.

"అన్నయ్యా, అలక ఉంది."

"ఊఁ." నమ్మలేదు. నీడ ఫోటో సంగతి వదిన చెప్పే ఉంటుంది.

"నిజం. రెండు పక్కలూ నా కళ్ళతో చూశాను. నిదానమే అలక!"

అన్నయ్య తలెత్తి చూశాడు. "నిదానం ఎవరు?"

నిదానం ఎవరు! వారానికి నాలుగు రోజులు నేను ఎవరి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటానో, కళ్ళు మూసుకుంటే ఎవరు కనపడతారో, ఆ పేరు ఒకే కప్పు కింద ఉంటున్న మా అన్నయ్య ఎప్పుడూ వినలేదు. నేను చెబితే కదా.

"నా సొర" అన్నాను.

"నీకో సొర ఉందా? ఎప్పటి నుంచి?"

"నువ్వు... నీకు దెబ్బ తగిలిన ఏడాది నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"నేను అడిగితే నీ మొహం ఎలా అయ్యేదో నీకు తెలీదే! మొదట్లో రెండుసార్లు అడిగాను. 'ఏముంటుంది అన్నయ్యా, మామూలే' అన్నావు. చావు ఇంట్లో మాట్లాడినట్టు. ఇంక అడగబుద్ధి కాలేదు."

"బాధపడతావని..."

"నా కాలు పోయింది. చెవులు పోలేదు." గొంతు పెద్దదైంది. వాడు అరవడం విని ఎంత కాలమైందో. "రోజూ నీకు గాలి నింపి పంపిస్తున్నాను. ఆ గాలి పీల్చి నువ్వేం చూశావో ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు చెప్పావా? ఉప్పు కారుకుంటూ వచ్చి 'టవలేది వదినా' అంటావు. ఇంటి నిండా సముద్రం వాసన, ఒక్క మాట లేదు. అలక పోయిందని కాదే నేను పోతున్నది. ఇక్కడుంటే రోజూ సముద్రం నా గుమ్మం దాకా వచ్చి మాట్లాడకుండా పోతోంది."

నేను ఏడ్చాను. వాడు తిట్టాడు. మళ్ళీ ఏడ్చాను.

"ఏడుపు తర్వాత. మొదటి నుంచి చెప్పు. ఆ నిదానం ఏంటి, నిదానంగా ఎందుకుంటుంది? నేను పోతే తిరగబడి పోయేదే!"

"నేను దగ్గరికి పోను అన్నయ్యా. దూరంగా కూర్చుంటాను."

"నేను ఎగబడేవాణ్ణి" అన్నాడు. "అలక దానిది కాదన్నమాట. నా తొందరది."

చెప్పాను. మొదటిసారి చూసిన రోజు నుంచి. కప్పు లోంచి వెలుతురు ఎలా దిగుతుందో, కన్ను ఎలా తిప్పుతుందో. దాన్ని చూసొచ్చిన రోజు కుర్చీ ఎలా ఊగుతుందో కూడా చెప్పాను. "నాకూ ఊగేది" అన్నాడు. ఎప్పుడు వచ్చిందో, వదిన గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి ఉంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "ఆ తర్వాత?" అంది.

ఏప్రిల్ 13

అయినా వెళతారట!

"మాటిచ్చాం కదే" అన్నాడు అన్నయ్య. "మీ వదిన ఇన్నేళ్ళూ నా కోసం ఈ ఉప్పులో ఉంది. కొన్నాళ్ళు దాని కోసం నేను రంగుల్లో ఉంటాను."

నేను అన్నం తినలేదు. మొహం తిప్పుకుని పడుకున్నాను. గోడ అవతల ఇద్దరూ నవ్వుకుంటున్నారు, నా మీదే.

ఏప్రిల్ 15

మేడం ఖాయం చేసింది. పోయినవాటిలో వెయ్యదు. పేరు అలక అనే ఉంటుంది. నిదానం పేజీ తీసేశారు. లెక్కలో ఒక సొర తగ్గింది, ఒక సొర బతికింది.

అన్నయ్య మాత్రం ఇంట్లో దాన్ని నిదానం అనే అంటున్నాడు. నేను అలక అంటున్నాను. దీని మీద కూడా పోట్లాడుకున్నాం.

ఏప్రిల్ 21

లోతుకి దిగకూడదు గానీ పైన తేలొచ్చని అన్నయ్యకి కాలు చూసిన డాక్టరు ఎప్పుడో చెప్పాడట. ఇన్నాళ్ళూ వాడే తేలలేదు. ఇవాళ మేకు మీంచి మాస్కు తీశాడు. వదిన వద్దంది, గోల చేసింది, చివరికి వాడి నడుముకి తాడు తనే కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని పడవలో కూర్చుంది.

నేను కింద గదిలో ఉన్నాను. సొర ఉంది. కప్పు సందు లోంచి పైకి చూస్తే, ఎక్కడో చాలా పైన, వెలుతురులో నల్లగా చిన్న చుక్క, చేతులు చాపుకుని. చాలాసేపు అక్కడే ఉంది. మా ముగ్గురిలో ఎవరు నిద్రపోతున్నారో, ఎవరి కలలో ఎవరున్నారో నాకు తెలియలేదు.

పైకొచ్చి, "కనపడిందా?" అని ఆత్రంగా అడిగాను.

"నీళ్ళు మురిగ్గా ఉన్నాయి. ఏమీ కనపడలేదు" అన్నాడు. "నీ బుడగలు కనపడ్డాయి. వచ్చి నా పొట్టకి తగిలాయి." అని నవ్వాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. వదిన తిడుతూ తువ్వాలుతో తల తుడిచింది.

ఏప్రిల్ 29

వెళ్ళారు.

ఏప్రిల్ 30

కంప్రెసరు నేనే వేసుకున్నాను. చప్పుడు ఎక్కువగా ఉంది.

మే 2

సొర కనపడలేదు. కనపడలేదని రాసి పంపాను.

మే 8

ఇవాళ కనపడింది. పడమటి వాకిలి నుంచే వెళ్ళాను. ఒడ్డుకొచ్చి, తడి కూడా ఆరకుండా అన్నయ్యకి ఫోన్ చేశాను. దుకాణంలో ఉన్నాడు. వెనక డబ్బాల చప్పుడు.

"దిగాను, సొర ఉంది, బాగుంది..." అని మొదలుపెట్టానో లేదో, కసిరాడు.

"ఏంటే ఆ చెప్పడం? దిగాను, ఉంది, అయిపోయింది! ముందు నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్పు. తాడు దగ్గర ఏముంది? గోడ మీద ఏమున్నాయి? నన్ను తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. నెమ్మదిగా. వాకిలి దాకా వచ్చేసరికి, "ఆగాగు. ఒకాయన తలుపులకి రంగు కావాలంటున్నాడు. ఫోన్ పెట్టకు" అన్నాడు. ఫోన్ చెవికి పెట్టుకుని కూర్చున్నాను. వాడు ఎవరికో ముదురు గోధుమ, లేత గోధుమ చూపిస్తున్నాడు. బేరం అయింది. వదిన గొంతు వినిపించింది, "ఎక్కడిదాకా వచ్చింది? నేను లేకుండా చెప్పకండి" అని. స్పీకరు పెట్టారు.

"ఆఁ, వచ్చాం" అన్నాడు అన్నయ్య. "వాకిట్లో ఉన్నాం. కదలకుండా ఉన్నాం. చెప్పు."

అంతా చెప్పాను. ఫోన్ వేడెక్కిపోయింది. తర్వాత తల తుడుచుకుని, ఇవాళ్టి సంగతి రాద్దామని ఇక్కడ కూర్చున్నాను. రాయడానికి ఏమీ మిగల్లేదు.